పీఆర్ మనిషి, బ్లాగరు, మధ్యలో పాఠకుడు

పీఆర్ పక్షం: పౌరసంబంధాల పనిలో బ్లాగర్లతో పరిచయం పెంచుకోవడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. పత్రికలతో వ్యవహరించే పద్ధతికి నూరేళ్లు దాటాయి. అక్కడ డెస్క్ ఉంటుంది, బీటు చూసే విలేకరి ఉంటారు, సాయంత్రం ఫలానా వేళకల్లా ప్రెస్ నోట్ చేరాలన్న లెక్క ఉంటుంది. బ్లాగరు దగ్గర ఇవేవీ ఉండవు. రాసేదీ, దిద్దేదీ, పైకి పెట్టేదీ ఒక్క మనిషే. చాలామందికి పగలంతా వేరే ఉద్యోగం. చదివేవాళ్లు కూడా ఆ విషయం మీద ఆ మనిషి ఏమన్నారో తెలుసుకోవాలని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. అందువల్ల వెయ్యిమందికి ఒకే నోట్ పంపి చేతులు దులుపుకుంటే ఇక్కడ పని జరగదు. ముందు చదవాలి, చాలా చదవాలి. ఎవరు దేని గురించి రాస్తున్నారు, దేన్ని మెచ్చుకున్నారు, దేన్ని తిట్టారు, పాఠకులు ఏమడుగుతున్నారు అన్నది తెలిశాకే మొదటి మెయిల్ వెళ్లాలి.

మామూలుగా వెళ్లే మెయిల్ ఎలా ఉంటుందో ఈ రంగంలో అందరికీ తెలుసు. 'డియర్ బ్లాగర్' అని మొదలవుతుంది. మీ బ్లాగు క్రమం తప్పకుండా చదువుతామని రెండో వాక్యంలో పొగుడుతుంది. కింద శాకాహార వంటలు రాసే మనిషికి రొయ్యల పచ్చడి ప్రెస్ నోట్ తగిలించి ఉంటుంది. బాగా రాసిన మెయిల్ ఐదు వాక్యాలు దాటదు. 'చిన్న వంటగదికి సరిపడే మిక్సీ దొరకడం లేదని మీరు పోయిన నెల రాశారు. మా క్లయింటు ఒకటి తెచ్చింది. ధర, బరువు, జార్ల కొలతలు కింద ఉన్నాయి. తయారుచేసిన ఇంజినీరుతో మాట్లాడాలనుకుంటే ఆయన నంబరు ఇదిగో. రాయాలన్న షరతేమీ లేదు.' ఇలాంటి మెయిల్ వల్ల ముందు బ్లాగరుకు, ఆ తర్వాత పాఠకుడికి పనికొచ్చే సమాచారం చేరుతుంది. సంబంధం అన్నది ఇలా మొదలవ్వాలి.

పాఠక పక్షం: మెయిల్ బాగుంది. కానీ ఆ మెయిల్ రాసినవారి జీతం ఎవరిస్తున్నారన్నది మర్చిపోకూడదు. నెల తిరిగేసరికి ఏజెన్సీ క్లయింటుకు ఒక నివేదిక పంపుతుంది: ఈ నెల ఎన్ని పోస్టులు వచ్చాయి, వాటిలో అనుకూలంగా ఎన్ని, ఎంతమంది చూశారు. పాఠకుడికి ఏం తెలిసిందన్న గడి ఆ నివేదికలో ఉండదు. మిక్సీ జార్ మూత కారుతోందని రాసిన పోస్టు పాఠకుడికి చాలా మేలు చేస్తుంది, నివేదికలో మాత్రం ప్రతికూలం అన్న గడిలోకి పోతుంది. ఏ పనినైనా దేనితో కొలుస్తారో ఆ పని అటే సాగుతుంది.

ఈ సంబంధాలు ఎలా మొదలయ్యాయో చరిత్రే చెబుతుంది. 2006లో అమెరికాలో ఒక జంట మోటారు ఇంట్లో దేశమంతా తిరుగుతూ, రాత్రిళ్లు వాల్‌మార్ట్ దుకాణాల పార్కింగ్‌లో బస చేస్తూ, అక్కడి ఉద్యోగుల గురించి ముచ్చటగా బ్లాగు రాసింది. ఆ ప్రయాణానికి డబ్బు పెట్టింది వాల్‌మార్ట్ అండ ఉన్న ఒక సంఘమనీ, దాని వెనక ఉన్నది ఎడెల్‌మన్ అనే పెద్ద పీఆర్ సంస్థ అనీ అక్టోబరులో బయటపడింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. బ్లాగుల్లో నిజాయితీ పాటించాలన్న నియమావళి తయారీలో పాలుపంచుకున్న సంస్థే ఇది. ఆ ఏడాది డిసెంబరులోనే మైక్రోసాఫ్ట్, అదే ఏజెన్సీ చేతుల మీదుగా, విండోస్ విస్టా ఎక్కించిన ఖరీదైన ఏసర్ ఫెరారీ ల్యాప్‌టాప్‌లను కొందరు బ్లాగర్లకు పంపింది. ముందు ఉంచుకోవచ్చంది. గొడవయ్యాక, చూసి తిరిగివ్వండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి అంది.

పీఆర్ పక్షం: వాల్‌మార్ట్ వ్యవహారాన్ని సమర్థించేవారు ఈ వృత్తిలో లేరు. అది సంబంధమే కాదు, ముసుగు. 1906లోనే ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకరైన ఐవీ లీ తన సూత్రాల ప్రకటనలో, పని బాహాటంగా చేస్తామనీ, ఇది ప్రకటన విభాగానికి చేరాల్సిన సరుకనిపిస్తే వాడుకోవద్దనీ పత్రికలకు చెప్పారు. అంతర్జాతీయ పౌరసంబంధాల సంఘం 1965లో ఆమోదించిన ఏథెన్స్ నియమావళిని 1958లో ఏర్పడ్డ భారతీయ పౌరసంబంధాల సొసైటీ 1968లో స్వీకరించింది. నియమాలు ఎప్పటినుంచో ఉన్నాయి, తప్పింది మనుషులు.

ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాయాలంటే అది నడిచే యంత్రం చేతిలో ఉండాలి. పొరపాటంతా ఉంచుకోవచ్చనడంలో ఉంది.

అసలు పెద్ద తప్పులు సంబంధం ఎక్కువైనందువల్ల జరగలేదు, లేనందువల్ల జరిగాయి. 2007 అక్టోబరులో వైర్డ్ పత్రిక సంపాదకుడు క్రిస్ ఆండర్సన్ తన బ్లాగులో వందల కొద్దీ పీఆర్ మెయిల్ చిరునామాలను బయటపెట్టి, వీళ్లందరినీ అడ్డుకున్నానని ప్రకటించారు. తను ఏం రాస్తారో చూడకుండా అడ్డదిడ్డంగా నోట్లు కుమ్మరించినవాళ్లు వాళ్లంతా. 2011లో కాన్‌ఆగ్రా అనే ఆహార కంపెనీ కోసం కెచమ్ అనే ఏజెన్సీ న్యూయార్క్‌లో ఆహార బ్లాగర్లను ఒక విందుకు పిలిచింది. పేరున్న షెఫ్ వండి పెడతారన్నారు. పెట్టింది పెట్టెలో గడ్డకట్టించి అమ్మే లజానియా. తింటున్నవాళ్ల ముఖాలను రహస్య కెమెరాలతో తీశారు. వచ్చినవాళ్లలో కొందరు ప్రాసెస్ చేసిన తిండికి దూరంగా ఉండేవాళ్లు. ఒక్కొక్కరి రాతలూ ఓ గంట చదివి ఉంటే ఆ విందు ఆలోచనే పుట్టేది కాదు. కోపంతో పోస్టులు వచ్చాక సంస్థ మిగిలిన విందును రద్దు చేసి క్షమాపణ చెప్పింది.

పాఠక పక్షం: ఆ విందులో అవమానం బ్లాగర్లకు జరిగింది, నిజమే. కానీ ఆ మోసం ఎవరి కోసం తలపెట్టారు? వాళ్ల ఆశ్చర్యాన్ని చిత్రీకరించి వాళ్ల పాఠకులకు చూపాలనే కదా. బ్లాగరును బాగా చదివిన పీఆర్ మనిషి ఆ పొరపాటు చేయరు; ప్రాసెస్ చేసిన తిండిని ఇష్టపడేవాళ్లనే ఏరి పిలుస్తారు. అప్పుడు గొడవ ఉండదు, క్షమాపణ ఉండదు, పోస్టులన్నీ తియ్యగా వస్తాయి. పాఠకుడి వైపు నుంచి చూస్తే ఏది ఎక్కువ ప్రమాదమో ఆలోచించాలి.

భారతీయులకు దగ్గరి ఉదాహరణ బెర్లిన్‌లో ఉంది. 2012లో ఐఎఫ్‌ఏ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు శామ్‌సంగ్ తన బ్లాగర్ల కార్యక్రమం కింద మన దేశం నుంచి ఇద్దరిని తీసుకెళ్లింది. స్వతంత్రంగా చూసి రాయొచ్చన్న నమ్మకంతో వాళ్లు వెళ్లారు. తీరా అక్కడ కంపెనీ యూనిఫాం వేసుకుని స్టాల్లో నిలబడి, వచ్చినవాళ్లకు ఫోన్లు చూపించమన్నారు. కుదరదన్నందుకు తిరుగు టికెట్ సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిన పరిస్థితి తెచ్చారు. పరాయి దేశంలో ఇరుక్కున్నవాళ్లకు టికెట్లూ బసా చూసింది పోటీ కంపెనీ నోకియా. తర్వాత శామ్‌సంగ్ అపార్థం జరిగిందని విచారం వ్యక్తం చేసింది.

పీఆర్ పక్షం: ఈ కథలో నోకియా మనుషులు చేసింది కూడా పీఆరే. బ్లాగరును అద్దె మనిషిగా చూస్తే ఏమవుతుందో, మనిషిగా చూస్తే ఏమవుతుందో ఒకే వారంలో రెండూ తెలిశాయి.

పాఠక పక్షం: నోకియా మంచి పని చేసింది. తెలివైన పని కూడా చేసింది. కష్టంలో ఆదుకున్న కంపెనీ తర్వాతి ఫోన్ తెర పగిలిపోతోందని రాయాల్సి వస్తే ఆ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగదా? యూనిఫాం వేసుకోనన్న ఇద్దరి నిజాయితీ మీద అనుమానం అక్కర్లేదు. అది వాళ్ల సొంతం, పీఆర్ ఇచ్చింది కాదు. ప్రశ్న మామూలు మనుషుల గురించి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పని మన పెద్దలు చెప్పారు. సమీక్షకుడి పనేమో వాసాలు లెక్కపెట్టడమే. విమానం టికెట్, హోటల్ గది, పండగ పూట ఇంటికొచ్చే బుట్ట, పాప పుట్టినరోజుకు ఫోన్, వీటిలో లంచం అనదగ్గది ఏదీ ఉండకపోవచ్చు. మొహమాటం మాత్రం ఉంటుంది. మన సమాజంలో మొహమాటం లంచం కన్నా బలంగా పనిచేస్తుంది. లంచం తీసుకున్నవాడికి తను తీసుకున్నట్టు తెలుసు. మొహమాటపడ్డవాడు తను న్యాయంగానే రాశాననుకుంటాడు.

పీఆర్ పక్షం: మొహమాటం నిజమే కాబట్టే దానికి మందు కూడా తయారైంది. అమెరికా వాణిజ్య కమిషన్ 1980 నాటి మార్గదర్శకాలను 2009లో సవరించి, బ్లాగరుకు డబ్బో వస్తువో ముట్టి ఉంటే ఆ సంగతి పాఠకుడికి చెప్పాలంది. అది ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలైంది. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమాలు 2021 జూన్ 14 నుంచి వచ్చాయి. ప్రకటన, స్పాన్సర్డ్, కొలాబరేషన్, ఉచిత బహుమతి లాంటి లేబుల్ ముందే కనబడాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ పోస్టు ఉన్న భాషలో గానీ, మామూలు వినియోగదారుడికి అర్థమయ్యేలా ఉండాలి. ఆస్కీ స్వీయ నియంత్రణ సంస్థ. దాని మాటకు చట్టం బలం తక్కువ. ఆ లోటు కొంత 2023 జనవరిలో తీరింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు డబ్బునే కాదు, ఉచిత వస్తువులు, ప్రయాణం, హోటల్ బస, రాయితీలు, కుటుంబ సంబంధం, ఉద్యోగ సంబంధం, వ్యక్తిగత సంబంధం అన్నిటినీ వెల్లడించాలన్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రచారానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ప్రచారం చేసినవారిని ఏడాది పాటు, మళ్లీ పట్టుబడితే మూడేళ్ల దాకా నిషేధించగలదు.

ఆదాయ పన్ను వాళ్లు ఇంకా సూటిగా వచ్చారు. 2022 జులై 1 నుంచి అమలైన 194ఆర్ సెక్షన్ ప్రకారం, వ్యాపారంలో భాగంగా ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ప్రయోజనం ఇస్తే 10 శాతం పన్ను మినహాయించి కట్టాలి. ఫోన్ వాడి చూసి తిరిగిచ్చేస్తే అది ప్రయోజనం కాదు, ఉంచుకుంటే ప్రయోజనం అని పన్నుల బోర్డు వివరణ కూడా ఇచ్చింది. 2006లో ల్యాప్‌టాప్‌ల మీద రేగిన గొడవకు దొరికిన జవాబు ఇది. రివ్యూ యూనిట్ అరువుగానే వెళ్లాలి, తిరిగొచ్చే తేదీ ముందే రాసి ఉండాలి. మంచి ఏజెన్సీలో ఇది మామూలు సంగతి. కొరియర్ రసీదు, ఫోన్ సీరియల్ నంబరు, ఛార్జరు కేబులుతో సహా పెట్టెలో ఏమేం ఉన్నాయో రాసిన కాగితం, గడువు తేదీ. అన్నీ ఒక రిజిస్టరులో ఉంటాయి.

పాఠక పక్షం: ఆ రిజిస్టరు ఉండటం మంచిదే. చట్టాలూ అవసరమే, అవి రాకముందు పాఠకుడు కళ్లకు గంతలు కట్టుకుని చదివేవాడు. అయితే రిజిస్టరులోకి ఎక్కేవి వస్తువులు. వ్యక్తిగత సంబంధం వెల్లడించాలని మార్గదర్శకాల్లో రాసి ఉన్నా, ఐదేళ్లుగా ప్రతి పండక్కీ పలకరించే ఏజెన్సీ మనిషి ఆ మాట కిందికి వస్తారని ఏ బ్లాగరూ అనుకోరు. వెల్లడించినవారూ కనిపించరు.

లేబుల్‌కు ఇంకో పెద్ద హద్దు ఉంది. రాసిన పోస్టుకే లేబుల్ వేయగలం. ఆ కంపెనీ పీఆర్ మనిషి బాధపడతారేమోనని రాయకుండా వదిలేసిన పోస్టుకు ఏ లేబుల్ వేస్తారు? ఫ్యాన్ రెండు నెలల్లో పాడైంది, సర్వీసు సెంటరువాళ్లు తిప్పించుకుంటున్నారు. పరిచయస్తులకు ఓ ఫోన్ కొడితే మర్నాడే కొత్తది ఇంటికొస్తుంది. బ్లాగరు ఆ సంగతి రాయరు, రాయాల్సినంత ఇబ్బంది తనకు జరగలేదు కాబట్టి. పాఠకుడు మాత్రం సర్వీసు సెంటరు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఏ చట్టానికీ అందని నష్టం ఇది.

తలుపు తెరిచే చెయ్యి తలుపు మూయగలదు కూడా. 2020 డిసెంబరులో గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్విడియా, ఆస్ట్రేలియాకు చెందిన హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే సమీక్షకులకు ఇకమీదట తమ కార్డులు పంపబోమని మెయిల్ చేసింది. తాము ముఖ్యమనుకుంటున్న రే ట్రేసింగ్ అనే గ్రాఫిక్స్ హంగు మీద వాళ్లు తగినంత దృష్టి పెట్టడం లేదన్నది కారణం. సంపాదక ధోరణి మారితే మళ్లీ చూస్తామంది. తోటి సమీక్షకులు తీవ్రంగా మండిపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. ఆ మెయిల్ బయటికొచ్చింది కాబట్టి ప్రపంచానికి తెలిసింది. మాట్లాడకుండా జాబితా నుంచి పేరు తీసేసి ఉంటే? ముందుగా వస్తువు అందని సమీక్షకుడు, ఫలానా వేళదాకా సమీక్ష బయటపెట్టొద్దన్న ఎంబార్గో తీరిన గంటకు కాక, కొని, వాడి, పది రోజుల తర్వాత రాస్తాడు. అప్పటికి పాఠకులు మిగతావాళ్లది చదివేసి వస్తువు కొనేసి ఉంటారు.

పీఆర్ పక్షం: ఆ మెయిల్ సమర్థించలేనిది. చెడ్డ సమీక్ష రాశారని జాబితా నుంచి పేరు తీసేయడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. దానివల్ల క్లయింటుకూ నష్టమే. మెచ్చుకునేవాళ్లే మిగిలిన జాబితాను జనం ఎక్కువకాలం నమ్మరు.

అయితే ఈ వాదనను చివరిదాకా లాగితే ఎక్కడికి పోతామో చూడాలి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా సమీక్షించే సంస్థ ప్రపంచంలో లేకపోలేదు. అమెరికాలో 1936లో మొదలైన కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రతి వస్తువునూ మామూలు కొనుగోలుదారులా దుకాణంలో కొంటుంది, బయటి ప్రకటనలు వేసుకోదు. చందాదారులు డబ్బు కట్టబట్టి అది నిలిచింది. తెలుగులో రాసే మనిషికి అలా కట్టేవాళ్లు ఎవరున్నారు? తెలుగులో యూనికోడ్ బ్లాగులు ఈ శతాబ్దం తొలి ఏళ్లలోనే మొదలయ్యాయి. బ్లాగులను ఒకచోట చూపే కూడలి లాంటి సంకలినుల చుట్టూ వందలమంది రాశారు. గూగుల్ యాడ్‌సెన్స్ మాత్రం 2018 దాకా తెలుగు పేజీలకు తలుపు తెరవలేదు. అన్నేళ్లూ వాళ్లు ఇంటర్నెట్ బిల్లు సొంతంగా కట్టుకుని రాసినవాళ్లే. నలభై వేల రూపాయల ఫోన్ కొని సమీక్షించమని వాళ్లకు చెప్పేవారు, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పాలి. పీఆర్ జాబితాల మీద నిజమైన ఫిర్యాదు ఏమిటంటే అవి ఇంగ్లిష్‌లో రాసేవాళ్లతో, మహానగరాలవాళ్లతో నిండి ఉంటాయి. కరీంనగర్‌లోనో ఒంగోలులోనో కూర్చుని తెలుగులో రాసేవారికి అరువు ఫోనూ రాదు, ఇంజినీరు నంబరూ రాదు. వచ్చేదల్లా యంత్రంతో తెలుగు చేయించిన ప్రెస్ నోట్. సంబంధం వద్దంటే వాళ్లకు పోయేది మొహమాటం కాదు, అవకాశం.

పైగా పీఆర్ అంటే ఫోన్లూ బిస్కట్లే కాదు. టీకా ఎక్కడ వేస్తున్నారో చెప్పే ఆరోగ్య శాఖకు పీఆర్‌ఓ ఉంటారు, మ్యూజియానికి ఉంటారు, చేనేత సంఘానికి ఉండొచ్చు. ప్రచురణకర్త సమీక్ష కోసం రెండు కాపీలు పంపడం మన పత్రికల్లో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. దాన్ని ఎవరూ ప్రలోభం అనలేదు.

పాఠక పక్షం: తెలుగు రచయిత చేతిలో డబ్బు లేదన్న మాటకు ఎదురు చెప్పలేం. ఈ వాదన మొత్తంలో బరువైన మాట అదే. ఆరోగ్య శాఖ సంగతీ ఒప్పుకోవాల్సిందే. తుపాను హెచ్చరిక నలుగురికీ చేర్చిన బ్లాగరు ఎవరి మొహమాటానికీ లొంగినట్టు కాదు.

పుస్తకం పోలిక మాత్రం నిలవదు. రెండు వందల రూపాయల పుస్తకం పంపినవాడికి, అది నచ్చలేదని రాసే సమీక్షకులు ఉంటారని ముందే తెలుసు. ఆ సంప్రదాయం అలా పెరిగింది. అదే తెలుగులో సినిమా వైపు చూస్తే సంగతి తేలుతుంది. సమీక్ష పక్క గడిలోనే ఆ సినిమా ప్రకటన మెరుస్తుంటుంది. హీరో ఇంటర్వ్యూ ఎవరికి దొరకాలో పీఆర్‌ఓ చేతిలో ఉంటుంది. ఊరి హోటళ్ల మీద వీడియోలు చేసేవాళ్లలో ఉప్పెక్కువైందన్న మాట విని ఎన్నాళ్లయిందో చూసేవాళ్లకే తెలుసు. అన్ని బిర్యానీలూ అద్భుతంగా ఉండటం సాధ్యమా? పేదరికం వల్ల అవసరం పెరుగుతుంది, ఇచ్చేవాడి మీద ఆధారపడటమూ పెరుగుతుంది. ఒంగోలు రచయితకు ఒకే ఒక్క ఏజెన్సీ ఫోన్లు పంపుతుంటే, ఆ ఒక్క తలుపు మూసుకోకుండా చూసుకోవడం ఆయనకు మహానగరపు ఇంగ్లిష్ బ్లాగరు కన్నా ఎక్కువ అవసరం.

పీఆర్ పక్షం: అందుకే సంబంధాన్ని పొగడ్త వచ్చిన రోజున కాదు, విమర్శ వచ్చిన రోజున తూచాలి. పరిశోధకులు జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో పౌరసంబంధాలను నాలుగు నమూనాలుగా విడదీశారు. మొదటిది ఎలాగోలా పేరు మోగించడం, రెండోది సమాచారం ఇవ్వడం, మూడోది జనం మనసు తెలుసుకుని ఒప్పించడం. నాలుగోదాంట్లో రెండు వైపులా మార్పు వస్తుంది: జనం మాట విని సంస్థ కూడా మారుతుంది. బ్లాగరుతో సంబంధానికి నిజమైన అర్థం ఈ నాలుగోదే. విమర్శ వచ్చిన మర్నాడు క్లయింటు మీటింగులో ఆ పోస్టు ముందుపెట్టి, ఇతను అన్నది నిజం, జార్ మూత మార్చండి అని చెప్పగలిగిన మనిషి కంపెనీ లోపల ఒకరుండాలి. అది చెప్పాలంటే ఆ బ్లాగరు ఎవరో, ఎంత జాగ్రత్తగా రాస్తారో ఆ మనిషికి తెలిసి ఉండాలి. పరిచయం లేకపోతే విమర్శ నేరుగా న్యాయ విభాగానికి పోతుంది.

అలా పోతే ఏమవుతుందో 2023 ఏప్రిల్‌లో చూశాం. బోర్న్‌విటాలో చక్కెర ఎక్కువని ఒకరు చిన్న వీడియో పెట్టారు. కంపెనీ లీగల్ నోటీసు పంపింది. ఆయన వీడియో తీసేసి క్షమాపణ చెప్పారు. నోటీసు సంగతి తెలిశాక ఆ వీడియో అంతకు ముందు చూడనివాళ్లకు కూడా చేరింది. బాలల హక్కుల జాతీయ కమిషన్ కంపెనీని వివరణ అడిగింది. ఆ ఏడాది చివరికల్లా కలిపే చక్కెరను 14.4 శాతం తగ్గించారన్న వార్త వచ్చింది. ఏప్రిల్‌లోనే ఆ మనిషితో కూర్చుని మాట్లాడి, లెక్కలు ముందుపెట్టి, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా?

పాఠక పక్షం: ఈ ఉదాహరణ పాఠకుడి వైపే సాక్ష్యం చెబుతోంది. ఆ వీడియో చేసిన మనిషి కంపెనీ పీఆర్ జాబితాలో ఉండి, లాంచ్ మీటింగులకు వెళ్తూ, పండక్కి చాక్లెట్ బుట్ట అందుకుంటూ ఉంటే డబ్బా వెనక అక్షరాలను అంత కటువుగా చదివి వినిపించేవారా? బయటివాడు కాబట్టే గట్టిగా అన్నాడు. గట్టిగా అన్నాడు కాబట్టే జనం కదిలారు, కమిషన్ కదిలింది, చక్కెర తగ్గింది. కూర్చుని మాట్లాడి ఉంటే గొడవ చల్లారి ఉండేది. చక్కెర తగ్గేదన్న నమ్మకం ఎక్కడుంది?

పీఆర్ పక్షం: నమ్మకంగా చెప్పలేం. కంపెనీ లోపల పీఆర్ మనిషి మాట చెల్లని చోట్లు చాలా ఉన్నాయి. అమ్మకాల విభాగం ముందు, న్యాయ విభాగం ముందు ఆ కుర్చీ చిన్నదవుతుంది. ఆ సంగతి ఒప్పుకోకుండా నాలుగో నమూనా గురించి మాట్లాడితే అది పాఠ్యపుస్తకం మాటే అవుతుంది. కానీ బయటివాడు పెట్టిన కేకను లోపల అర్థమయ్యే భాషలోకి మార్చి, దేన్ని ఎంత తగ్గించాలి, ఎప్పట్లోగా, జనానికి ఏం చెప్పాలి అన్నది తేల్చడానికి ఎవరో ఒకరు కావాలి. కేక ఒక్కటే పెట్టెలోని పొడిని మార్చదు.

పాఠక పక్షం: ఆ మేరకు ఒప్పుకోవచ్చు. అయితే లోపల మాట్లాడే మనిషి ఉండటానికి బయట బుట్టలు పంచడం అవసరమా?

పీఆర్ పక్షం: బుట్టలు అవసరం లేదు. బుట్టలు మానేసినా సంబంధం బతుకుతుంది, బహుశా ఇంకా బాగా బతుకుతుంది. దానికి కావాల్సిన షరతులు రాసుకోవచ్చు. వస్తువు అరువే, గడువుతో. పోస్టు పైకి పెట్టకముందు చూపించమని అడగకూడదు. ధర, కొలత లాంటి అంకెల్లో తప్పుంటే పోస్టు వచ్చిన తర్వాత బహిరంగంగా సవరణ కోరాలి. లింకు ఇవ్వమని షరతు పెట్టకూడదు. ఉచితంగా వచ్చిన వస్తువు గురించి రాసే పేజీలో కంపెనీకి ఇచ్చే లింకు సెర్చ్‌లో లెక్కకు రాకుండా గుర్తు పెట్టాలని గూగుల్ 2016లోనే బ్లాగర్లకు చెప్పింది, ఏజెన్సీలు ఆ సంగతి మర్చిపోయినట్టు నటించకూడదు. చెడ్డ సమీక్ష రాసినవారికి తర్వాతి వస్తువు కూడా అదే వేళకు, అందరితో పాటే అందాలి. డబ్బిచ్చి రాయించుకోవాలనుకుంటే అది ప్రకటనల విభాగం పని. దానికి వేరే మనిషి, వేరే మెయిల్, వేరే ఒప్పందం. ఒకే మనిషి పొద్దున సమాచారం పంపి సాయంత్రం రేటు అడిగితే ఆ రెంటికీ మధ్య గోడ ఉండదు.

పాఠక పక్షం: ఈ షరతుల్లో పాఠకుడికి అన్నిటికన్నా పనికొచ్చేది చెడ్డ సమీక్ష రాసినవారి గురించిన ఐదోది, తనకు ఏమాత్రం కనబడనిదీ అదే. అరువు వస్తువు గురించి బ్లాగరు చెబుతారు, లేబుల్ ఎలాగూ కనబడుతుంది. జాబితాలోంచి ఎవరు పోయారు, ఎందుకు పోయారన్నది ఎవరు చెబుతారు? ఏజెన్సీ ఏడాదికోసారి, ఎవరి పేర్లూ బయటపెట్టకుండా, ఇంతమందికి వస్తువులు పంపాం, ఇంతమంది విమర్శించారు, వాళ్లలో ఇంతమందికి మళ్లీ పంపాం అన్న లెక్క ప్రకటించగలదా? ఆ మూడు అంకెలు ఉంటే సంబంధం ఎవరి మేలు కోసమో వాదించుకోవాల్సిన పని తగ్గుతుంది.

పీఆర్ పక్షం: సూచన న్యాయమైనదే, అడ్డంకులు ఉన్నాయి. జాబితా క్లయింటు ఆస్తి. ఒప్పందంలో గోప్యత ఉంటుంది. విమర్శ అంటే ఏమిటో తేల్చడం కూడా సులువు కాదు. తొమ్మిది మెచ్చుకుని ఒకటి తప్పుపట్టిన పోస్టును ఎటువైపు వేస్తారు? జాబితా నుంచి పేర్లు పోవడానికి వేరే కారణాలూ ఉంటాయి: ఆర్నెల్లుగా ఏమీ రాయనివాళ్లు, వస్తువు తిరిగివ్వనివాళ్లు, విషయం మార్చుకున్నవాళ్లు. అంకె బయటికొస్తే, దాన్ని అందంగా చూపించడానికి మెత్తటి విమర్శ రాసేవాళ్లను నలుగురిని జాబితాలో ఉంచుకునే తెలివి కూడా ఈ రంగానికి ఉంది.

పాఠక పక్షం: ఆ తెలివి ఉందని ఆ రంగమే ఒప్పుకుంటే, అంకె లేకుండా నమ్మమని పాఠకుణ్ని అడగడం ఎలా?

పీఆర్ పక్షం: అంకెతోనైనా నమ్మకం పూర్తిగా రాదు. ఏజెన్సీకి క్లయింటు జీతమిస్తున్నంతకాలం ఆ అనుమానం ఉంటుంది, ఉండటం తప్పూ కాదు. చేయగలిగింది ఒకటుంది: నెలవారీ నివేదికలో అనుకూలం, ప్రతికూలం గడుల పక్కన, విమర్శ వల్ల క్లయింటు దేన్ని మార్చిందన్న గడి పెట్టడం. దానికి క్లయింటు అనుమతి వేరే అక్కర్లేదు, ఏజెన్సీ రేపే పెట్టుకోవచ్చు. బయటికి ప్రకటించే లెక్క సంగతి మాత్రం ఒక ఏజెన్సీ ఒంటరిగా తేల్చలేదు. పౌరసంబంధాల సొసైటీ లాంటి వృత్తి సంఘం నియమంగా పెడితేనే అందరికీ ఒకేలా వర్తిస్తుంది.

పాఠక పక్షం: గడి పెట్టడం మంచి మొదలు. అయితే అది ఏజెన్సీ బీరువాలో ఉండే కాగితం; పాఠకుడి చేతికి రాదు. వృత్తి సంఘం నియమం వచ్చేదాకా పాఠకుడు తన జాగ్రత్తలో తానుండాలి. ఒక బ్లాగరును నమ్మే ముందు ఆయన పాత పోస్టులు తిరగేసి, అరువు తెచ్చుకున్న వస్తువుల్లో దేన్నైనా బాగాలేదన్నారా, అన్నాక అదే కంపెనీ వస్తువు మళ్లీ ఆయన చేతిలో కనబడిందా అని చూసుకోవాలి. తెలుగులో రాసేవారి ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది. పాఠకుల చందాతో నడిచే తెలుగు సమీక్ష ఒకటి వస్తే తప్ప, దానికి ఈ పక్షం దగ్గర జవాబు లేదు.

పీఆర్ పక్షం: ఈ పక్షం దగ్గరా లేదు. అది వచ్చేదాకా కరీంనగర్‌కూ ఒంగోలుకూ అరువు ఫోన్ పంపాల్సిందేనన్నది మాత్రం ఈ పక్షం మాట.

పాఠక పక్షం: పంపాలి. రెండు వేర్వేరు ఏజెన్సీల నుంచి వెళ్లాలి. ఒకటి అలిగి ఆపేసినా రెండోది వచ్చేలా.